ఎనిమిది ప్లగ్గుల బండి: ఒక పాత సిటీ సీవీటీ కేసు

బండి 2006 మోడల్ హోండా సిటీ జెడ్ఎక్స్. 1.5 లీటర్ ఐ-డీఎస్ఐ పెట్రోల్ ఇంజిను, సీవీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. రీడింగ్ 1,12,400 కిలోమీటర్లు. కొన్న దగ్గర్నుంచీ ఒకే ఓనరు. 2024 మే నెలలో కుషాయిగూడలోని మా షెడ్డుకి వచ్చింది. కంప్లైంట్ ఒక్కటే: బండి కదిలేటప్పుడు వణుకుతోంది.

ఓనరు బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయిన ఆవిడ. ఇల్లు సైనిక్‌పురి. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. ఆవిడ చెప్పిన మాట ఉన్నదున్నట్టు జాబ్ కార్డు మీద రాసుకున్నాను: "బాబూ, సిగ్నల్ దగ్గర బ్రేకు వదిలితే చాలు, వెనకనుంచి ఎవరో బంపర్ పట్టుకుని ఊపుతున్నట్టుంటుంది. ఇరవై దాటితే ఇక ఏమీ తెలీదు. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో మొదలవుతుంది."

కస్టమర్లందరూ ఇలా చెబితే మా పని సగం తగ్గుతుంది. ఏ స్పీడులో, ఏ వేళలో, ఏ వేడిలో అన్నీ ఆ నాలుగు మాటల్లోనే ఉన్నాయి.

మా దగ్గరికి రాకముందు ఆవిడ రెండుచోట్లకి వెళ్ళొచ్చారు. ఒకచోట గేర్‌బాక్స్ పోయింది, కబాడీలో, అంటే పాత బండ్ల సామాను అమ్మేచోట, ఇదే సీవీటీ దొరుకుతుంది, బిగించి ఇవ్వడానికి 85 వేలు అన్నారట. రెండోచోట ఇంకాస్త ముందుకెళ్ళి, ఈ సీవీటీ తలనొప్పే వద్దు, తీసేసి ఐదు గేర్ల మాన్యువల్ వేసేద్దాం, పనిలో పనిగా ఇదే సిటీలో ఎక్కువ పవర్‌తో వచ్చిన వీటెక్ ఇంజిను కూడా పెడితే బండి కొత్తదై పోతుంది అన్నారట. ఆవిడ కాగితం మీద మూడూ రాసుకుని వచ్చారు: పాత సీవీటీ, మాన్యువల్, వీటెక్ ప్లస్ మాన్యువల్. "ఈ మూడింట్లో ఏది మంచిదో చెప్పు" అన్నారు.

"అసలు జబ్బేమిటో తెలీకుండా మందు ఎలా చెప్పనమ్మా, రెండ్రోజులు బండి వదిలి వెళ్ళండి" అన్నాను.

ఈ బండి గురించి కొంచెం చెప్పాలి. 2003 చివర్లో మన దేశంలోకి వచ్చిన ఈ తరం సిటీని మా వాళ్ళు డాల్ఫిన్ అంటారు. 2005లో ముక్కూ తోకా మార్చి జెడ్ఎక్స్ అని అమ్మారు. 2008లో కొత్త సిటీ వచ్చేదాకా ఇదే నడిచింది. ఇంజిన్లు రెండు, రెండూ 1,497 సీసీ. ఐ-డీఎస్ఐ 77 బీహెచ్‌పీ, వీటెక్ 100. అంతకుముందు తరం సిటీలో వీటెక్ 106 బీహెచ్‌పీ ఉండేది కాబట్టి, 77 అనేసరికి కుర్రాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఆ నవ్వు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. ఐ-డీఎస్ఐలో సిలిండర్‌కి రెండు వాల్వులే, కానీ పెట్రోల్‌ని మండించే స్పార్క్ ప్లగ్గులు రెండు. ఒకటి ముందు, ఒకటి వెనక. స్పీడునీ లోడునీ బట్టి రెండూ ఒకేసారో, ఒకదాని తర్వాత ఒకటో వెలుగుతాయి. దాంతో మంట సిలిండర్ అంతా గబగబా పాకుతుంది. తక్కువ పెట్రోల్‌తో, తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుడు వస్తుంది. గరిష్ట టార్క్, అంటే ఆ లాగుడు, 2,700 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. వీటెక్‌కి అది రావాలంటే ఇంజిన్ని ఇంకా చాలా పైకి తిప్పాలి. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి ఏ.ఎస్.రావు నగర్ దాకా సాయంత్రం ఆరింటికి పాకే బండికి ఏది కావాలో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవచ్చు.

మన దగ్గర సీవీటీ ఇచ్చింది ఈ ఐ-డీఎస్ఐతోనే. వీటెక్ కొంటే చేత్తో గేర్లు మార్చుకోవాల్సిందే.

సీవీటీ అంటే గేర్లు లేని గేర్‌బాక్స్. పిండిమరలో ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి బెల్టు ఉంటుంది కదా, అదే ఏర్పాటు. కాకపోతే ఇక్కడ బెల్టు ఉక్కుది, చక్రాలు రెండూ ఆయిల్ ప్రెషర్‌తో సన్నగా, లావుగా మారుతూ ఉంటాయి. అందుకే గేరు మారిన కుదుపు ఉండదు. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజినుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య, ఆయిల్ ద్వారా తిప్పుడుని అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఈ బండిలో అది లేదు. దాని బదులు ఆ బెల్టు చక్రాల అవతలి చివర, అంటే బండి టైర్లని తిప్పే డ్రైవ్ షాఫ్టుల వైపు, ఆయిల్‌లో మునిగి ఉండే ప్లేట్ల క్లచ్చు ఒకటుంది. దాన్ని స్టార్ట్ క్లచ్ అంటారు. బ్రేకు వదలగానే బండి మెల్లగా ముందుకు పాకుతుందే, ఆ పని దీనిదే. కంప్యూటరు ఆ ప్లేట్లని కొద్దికొద్దిగా నొక్కుతూ ఉంటుంది. మన ఎడమకాలు చేసే పని అది చేస్తోందన్నమాట.

ఈ క్లచ్చు మంచీ చెడూ అంతా ఆయిల్ మీదే ఉంది. ఆయిల్ పాతబడితే ప్లేట్లు నున్నగా జారుతూ పట్టుకోవు. పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుంటాయి. తడి వేలితో గాజు గ్లాసు అంచు రుద్దితే కీచుమంటుంది చూడండి, లోపల జరిగేది అదే. బయట మనకి వణుకులా తెలుస్తుంది. 2008 సిటీకి టార్క్ కన్వర్టర్‌తో ఐదు స్పీడ్ల ఆటోమేటిక్ ఇచ్చారు. 2014లో సీవీటీ తిరిగి వచ్చినప్పుడు ఈ స్టార్ట్ క్లచ్ లేదు, టార్క్ కన్వర్టర్‌తోనే వచ్చింది.

ఇక పరీక్ష. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తిప్పితే వణుకు లేనట్టే. ఏసీ వేసి నలభై నిమిషాలు ట్రాఫిక్‌లో తిప్పాక మొదలైంది. సున్నా నుంచి పదిహేను దాకా గట్టిగా, ఇరవైకి మాయం. తర్వాత రివర్సులో మా షెడ్డు ర్యాంపు ఎక్కించాను. అక్కడా అదే వణుకు. ఇది ముఖ్యమైన ఆధారం. ముందుకు వెళ్ళే క్లచ్చు వేరు, రివర్సుకి పట్టేది వేరు, స్టార్ట్ క్లచ్ మాత్రం రెండింటికీ ఒకటే. డి (ముందుకి) లోనూ ఆర్ (రివర్సు) లోనూ ఒకేలా వణికితే అనుమానం మొదట స్టార్ట్ క్లచ్ మీదికి పోతుంది, లేదా ఇంజిన్ మీదికి. ఈ "లేదా" దగ్గరే నేను తర్వాత తడబడ్డాను.

బండి కంప్యూటరుకి స్కానర్ పెడితే లోపం చెప్పే కోడ్ ఒక్కటి కూడా లేదు. గేర్‌బాక్స్‌లో కంప్యూటరుకి నచ్చనిది ఏదైనా ఉంటే ఈ బండ్లలో మీటర్‌లో డి లైటు ఆరిపోతూ వెలుగుతూ ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. ఇంజిన్ని బాడీకి పట్టి ఉంచే ఫౌండేషన్లు చూశాం, బాగానే ఉన్నాయి. సీవీటీ డిప్‌స్టిక్ తీశాం. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, నిమిషం నుంచి నిమిషంన్నర లోపు చూడాలి, ఆలస్యమైతే లెవెల్ తప్పు చూపిస్తుంది. లెవెల్ సరిగ్గా ఉంది. రంగు మాత్రం మరిగి మరిగి చిక్కబడిన డికాక్షన్‌లా ఉంది.

ఆవిడ బిల్లులన్నీ ప్లాస్టిక్ ఫోల్డర్‌లో తారీఖుల వారీగా పెట్టుకున్నారు, బ్యాంకు అలవాటు. మూడేళ్ళ కిందట ఒక షెడ్డులో వేసిన బిల్లులో "ఏటీఎఫ్ ఆయిల్" (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) అని ఉంది, ఏ గ్రేడో లేదు. పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్ర ఆయిలే పోసి ఉంటారని నా అనుమానం. దీనికి అది పనికిరాదు, సీవీటీకి కంపెనీ చెప్పిన ఆయిలే కావాలి. ఎనిమిది నెలల కిందటి ఇంకో బిల్లులో "స్పార్క్ ప్లగ్స్ - 4, ఎయిర్ ఫిల్టర్ - 1" అని ఉంది. చూశాను, ప్లగ్గులు కొత్తవే అనుకున్నాను, ఫోల్డర్ మూసేశాను.

ముందు ఆయిల్ పని మొదలుపెట్టాం. డ్రైన్ నట్టుకి బయట తల ఉండదు, చదరపు గుంట ఉంటుంది. 3/8 అంగుళం రాచెట్ ముక్క నేరుగా అందులో కూర్చుంటుంది. తెలీనివాళ్ళు పైప్ రెంచి పెట్టి దాన్ని పాడుచేస్తారు, దీనికీ ఆ గాట్లు ఉన్నాయి. నట్టు చివర అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద, వేలితో నలిపితే వెన్నలా ఉంది. పెళుసు ముక్కలు గానీ, మెరిసే రేకులు గానీ లేవు. అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది. బెల్టో చక్రాలో అరిగిపోతూ ఉంటే ఇక్కడ సూదుల్లాంటి ముక్కలు కనపడతాయి. అప్పుడైతే ఆవిడకి చెప్పేది వేరేగా ఉండేది.

ఒకసారి దింపితే వచ్చేది మూడు లీటర్ల పైచిలుకు. మిగతాది లోపలే ఉండిపోతుంది. అందుకే ఒక్కసారి మార్చి ఊరుకుంటే లాభం లేదు. సగమే మారుతుందనుకున్నా, మూడుసార్లు మారిస్తే పాతది ఎనిమిదో వంతుకి వస్తుంది. మధ్యమధ్యలో బండిని తిప్పి కలపాలి. మెషీన్‌తో ఫ్లషింగ్ చేసేవాళ్ళున్నారు. పాత బండికి నేను ఆ పని పెట్టుకోను, ప్రెషర్‌కి అడుగున పేరుకున్న మట్టి లేచి, ఆయిల్‌ని ఎక్కడికి ఎంత పంపాలో చూసే వాల్వ్ బాడీలోకి పోతుందని భయం.

మొదటిసారి మార్చాక కొంచెం తేడా. రెండోసారికి వణుకు సగానికి తగ్గింది. స్టార్ట్ క్లచ్‌కి నేర్పించే పని కూడా చేశాను. కంప్యూటరు గుర్తుపెట్టుకున్న పాత లెక్కని చెరిపి కొత్తది నేర్చుకునేలా చేయాలి. ఇంజిన్ ఫ్యాను తిరిగేదాకా వేడెక్కించి, ఏసీ, లైట్లు అన్నీ ఆపి, డి లో 60 దాటించి, ఆక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, బ్రేకు ముట్టకుండా కొన్ని సెకన్లు బండిని దానంతటది పోనివ్వాలి. చదివితే తేలికే. హైదరాబాద్‌లో బ్రేకు ముట్టకుండా వదలగలిగే రోడ్డు దొరకాలి కదా! పొద్దున ఆరింటికి కీసర రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. మొదటిసారి గేదెలు అడ్డొచ్చాయి, రెండోసారి అయింది.

అయినా సగం వణుకు అలాగే ఉంది. అదే ఆవిడకి ఫోన్ చేసి, స్టార్ట్ క్లచ్ ప్లేట్లు మార్చాలేమో, గేర్‌బాక్స్ విప్పాలి, ఖర్చవుతుంది అని చెప్పబోయాను. నంబరు కూడా తీశాను. మా దగ్గర పనిచేసే కుర్రాడు బండి స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, ఇది న్యూట్రల్‌ల గూడ మధ్యల మధ్యల మిస్ గొడుతుంది."

చెయ్యి పెట్టి చూశాను. నిజమే. పది పన్నెండు దెబ్బలకి ఒకసారి తప్పిపోతోంది. కోడ్ పడేంత ఎక్కువ కాదు, చెవికి తెలిసేంత కూడా కాదు, అరచేతికి తెలుస్తుంది. న్యూట్రల్‌లో స్టార్ట్ క్లచ్‌కి పనేముంది? ఫోల్డర్ మళ్ళీ తెరిచాను. స్పార్క్ ప్లగ్స్ - 4.

ఈ ఇంజినుకి ప్లగ్గులు ఎనిమిది. ఆ సంగతి కస్టమర్లకి చెప్పి గొప్పలు పోయేవాణ్ణి, నాలుగని కళ్ళారా చదివి కూడా నాలుగు సిలిండర్లకి నాలుగు సరిపోయాయనుకున్నాను. ముందు వరస నాలుగూ చేతికందుతాయి, పావుగంటలో మారిపోతాయి. వెనక నాలుగూ అద్దం కింద గోడ వైపు ఉంటాయి. వాటికి చెయ్యి పోవాలంటే వైపర్లు ఊడదీసి, అద్దం కిందున్న ప్లాస్టిక్ ప్యానెల్, దాని కింద రేకు తీయాలి. ఆ గంట పని ఎందుకని చాలామంది ముందువి మార్చి బానెట్ దించేస్తారు. ఒక వరస పనిచేసినా ఇంజిన్ నడుస్తుంది, అదే దీనికున్న శాపం. పూర్తిగా ఆగిపోయే బండయితే ఎవరో ఒకరు వెతికేవారు.

వెనక ప్లగ్గులు మా కుర్రాడి మాటల్లో "జామ్ అయినయ్". పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లూబ్రికెంట్ కొట్టి, ఒక్కొక్కటీ పావు చుట్టు ముందుకీ వెనక్కీ తిప్పుతూ తీశాం. అల్యూమినియం హెడ్డు కాబట్టి బలం పెడితే మరలు ప్లగ్గుతో పాటే ఊడొస్తాయి. నాలుగూ బయటికొచ్చాక కొత్త ప్లగ్గు పక్కన పెట్టి చూశాం. మధ్యలో ఉండే పుల్ల మొన అరిగి గుండ్రంగా, పళ్ళు రాలిన చిగురులా ఉంది. గ్యాపు కొత్తదానికి ఒకటిన్నర రెట్లు. ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ ఉంటుంది, మూడో సిలిండర్‌లో దాని రబ్బరు గొట్టం లోపల సన్నటి తెల్లగీత, జుట్టు వెంట్రుకంత. కరెంటు ప్లగ్గుకి పోకుండా ఆ గీత వెంట హెడ్డుకి పారిపోతోంది. లోడు పడ్డప్పుడు, వేడెక్కినప్పుడు ఎక్కువ పారుతుంది. ఆవిడ చెప్పిన మధ్యాహ్నం ట్రాఫిక్ లెక్క అక్కడికి సరిపోయింది.

స్టార్ట్ క్లచ్‌తో దీనికున్న సంబంధం చెప్పాలి. క్లచ్చుని ఎంత నొక్కాలన్నది కంప్యూటరు ఇంజిన్ లోడుని బట్టి లెక్కేసుకుంటుంది. ఇంజినే తడబడుతుంటే ఆ లెక్కా తడబడుతుంది. అప్పటికే సరిగ్గా జారని ప్లేట్లకి ఆ దెబ్బలు తోడైతే చిన్న వణుకు పెద్దదవుతుంది. అంటే నేను పొద్దున్నే లేచి కీసర రోడ్డు మీద నేర్పించిన పాఠం తప్పు పాఠం. మిస్ కొడుతున్న ఇంజినుతో నేర్పాను. ఇంజిన్ సరిచేశాకే గేర్‌బాక్స్ ముట్టుకోవాలన్నది పాత నియమం. ఈసారి వరస తిరగేసి ఒక పొద్దూ, కొంత పెట్రోలూ పోగొట్టుకున్నాను. ఆ మొదటి తిప్పుడు ఖర్చు బిల్లులో వేయలేదు.

తర్వాతి పని త్వరగానే అయింది. ఎనిమిదీ కొత్త ప్లగ్గులు వేశాం, ముందువి బాగున్నా సరే వరస కలవాలని మార్చాం. ఒక కాయిల్ మార్చాం. ఈ ఇంజిన్లో వాల్వు క్లియరెన్సు, అంటే వాల్వు దగ్గర ఉండాల్సిన సందు, దానంతటది సర్దుకోదు, కాబట్టి చల్లని ఇంజిన్ మీద ట్యాపెట్లు సెట్ చేశాం, రెండు బిగిసి ఉన్నాయి. ఇంజినులోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ కడిగాం. మూడోసారి సీవీటీ ఆయిల్, డ్రైన్ నట్టుకి కొత్త వాషరు. మళ్ళీ పొద్దున ఆరింటికి కీసర రోడ్డు. ఈసారి గేదెలు లేవు.

మధ్యాహ్నం ఒంటిగంటకి, ఏసీ ఫుల్‌లో, ఆవిడనే పక్కన కూర్చోబెట్టుకుని ఏ.ఎస్.రావు నగర్ వైపు తీసుకెళ్ళాను. నాలుగు సిగ్నళ్ళు దాటాక ఆవిడ, "సరే, మరి ఆ మూడింటి సంగతేమిటి?" అన్నారు. వణుకు గురించి ఒక్క మాట అనలేదు. అంటే పోయిందన్నమాట.

అడిగారు కాబట్టి చెప్పాను. కబాడీ సీవీటీ అంటే ఇంకొకరి బండిలో పదిహేనేళ్ళు తిరిగిన గేర్‌బాక్స్. అందులో ఏ ఆయిల్ పోశారో, ఎన్నాళ్ళకి మార్చారో చెప్పేవాళ్ళుండరు. మీ గేర్‌బాక్స్ చరిత్ర ఫోల్డర్లో ఉంది, తప్పులతో సహా. తెలిసిన రోగిని వదిలి తెలీని రోగిని తెచ్చుకోవడం ఎందుకు?

మాన్యువల్ వేయడం అంటే గేర్‌బాక్స్ ఒక్కటే కాదు. ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు, పెడల్ సెట్టు, క్లచ్ సిలిండర్లు, గేరు లివరు, కేబుళ్ళు, డ్రైవ్ షాఫ్టులు, ఫౌండేషన్ బ్రాకెట్లు అన్నీ మాన్యువల్ బండివి కావాలి. ఇంజిన్ కంప్యూటరు కూడా మార్చాలి, లేకపోతే లేని సీవీటీ కోసం అది వెతుక్కుంటూ లైటు వెలిగిస్తుంది. కంప్యూటరు మారిస్తే తాళంలో ఉండే చిప్పు దానికి కలపాలి. ఇదంతా ఒక మాన్యువల్ బండిని పూర్తిగా కోసి తెచ్చుకుంటే తప్ప కుదరదు. ఇన్ని చేసి చివరికి ఆవిడ చేతికిచ్చేది ఏమిటి? ఆపరేషనైన ఎడమ మోకాలితో రోజుకి మూడొందలసార్లు నొక్కే క్లచ్ పెడల్. ఆ సలహా ఇచ్చినాయన ఆవిడ బండి దిగేటప్పుడు చూసి ఉండడు.

వీటెక్ మాట ఇంకా తేలిక. ఎందుకంటే దాంతో మాన్యువల్ తప్పదు, మాన్యువల్ కొట్టేశాక అదీ పోయినట్టే. పైగా కాగితాల గొడవ ఒకటి. ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. 2006 బండికి పదిహేనేళ్ళు నిండాక ఆర్సీ ఐదేళ్ళకోసారి రెన్యువల్. ఆవిడది 2021లో అయింది, మళ్ళీ 2026లో బండిని ఆర్టీయే ముందు పెట్టాలి. అక్కడ ఇంజిన్ నంబరు కలవకపోతే 23 బీహెచ్‌పీ ఎక్కువొచ్చిందన్న సంతోషం ఆ గేటు దగ్గరే ఆగిపోతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళ ప్రశ్నలు వేరే.

కుర్రాడెవరైనా వచ్చి ఈ తరం సిటీ కొనుక్కుంటానంటే వీటెక్ మాన్యువలే చూసుకోమంటాను, వాడికి ఆ ఇంజిన్ తిరుగుడులో ఆనందం ఉంటుంది. ఉన్న ఐ-డీఎస్ఐని కోసి వీటెక్ చేసే పని మాత్రం నేను చేయను.

మొత్తం బిల్లు, ఆవిడకి మొదటిచోట చెప్పిన 85 వేలలో మూడో వంతు కూడా దాటలేదు. అందులో ఎక్కువ భాగం సీవీటీ ఆయిల్, ఎనిమిది ప్లగ్గులు, కాయిలే.

ఆర్నెల్ల తర్వాత, నవంబరులో, 1,15,900 దగ్గర బండి సర్వీసుకి వచ్చింది. ట్రాఫిక్‌లో లీటరుకి పది లోపు వచ్చేది ఇప్పుడు పన్నెండు దాటుతోందని ఆవిడ లెక్క, పెట్రోల్ బిల్లుల ఫోల్డర్ వేరే ఉంది. డ్రైన్ నట్టు విప్పి చూస్తే అయస్కాంతం దాదాపు శుభ్రంగా ఉంది. వణుకు పూర్తిగా పోయిందా అంటే, నలుగురు ఎక్కి, ఏసీ వేసి, మా ర్యాంపు మీద ఆపి రివర్సులో తీస్తే ఒక్క క్షణం సన్నగా తెలుస్తుంది. ఆ ప్లేట్లు మూడేళ్ళు తప్పుడు ఆయిల్‌లో నానాయి, కొంత మెరుపు పట్టే ఉంటుంది. ఎండాకాలంలో అది పెరిగితే అప్పుడు విప్పి ప్లేట్లు మారుద్దామని చెప్పాను. ఆవిడ తన కాగితం తీసి, పాత మూడు లైన్లూ కొట్టేసి, కింద "స్టార్ట్ క్లచ్ - మే నెలలో చూడాలి" అని రాసుకున్నారు. నేను మా బిల్లులో ప్లగ్గుల లైను దగ్గర "8 (ముందు 4, వెనక 4)" అని రాసి ఇచ్చాను.